కుందేలుకు బాలింత పథ్యం

ఒరిస్సా కొత్త రాష్ట్రం అయినప్పుడు గంజాం జిల్లాలో ఎవరికి దక్కేది వాళ్లకు దక్కింది. కొందరికి కటకంలో ఉద్యోగాలు దక్కాయి. కొందరికి ఛత్రపూర్ కచేరీలో కుర్చీలు మారాయి. జన్మంతా చెన్నపట్నం రైలెక్కిన మా వీధి ప్లీడరుగారు ఎదురు ప్లాట్‌ఫారం మీద నిలబడి ఉత్తరం వైపు చూడటం నేర్చుకున్నారు. నాకు మాత్రం రెండు కుందేళ్లు దక్కాయి.

ఎలాగంటే, నేను బరంపురంలో బడిపంతుల్ని. ఆదివారాలు సైకిలెక్కి గోపాలపూర్ పోయి, సముద్రం ఒడ్డు బంగళాలో ఒక దొరసానికి తెలుగు చెప్పేవాణ్ణి. ఆ సైకిలు ఋషికుల్య నది కన్నా రెండు మూడేళ్లు చిన్నదై ఉంటుంది, అంతకన్నా చిన్నదని మాత్రం చూసినవాళ్లెవరూ అనలేదు. మూడేళ్లు చెప్పాను. దొరసాని "వాన కురిసింది" అని సొంతంగా ఒక వాక్యం అనేసరికి రెండు వానాకాలాలు వచ్చి వెళ్లిపోయాయి. అంతలో కొత్త రాష్ట్రం వచ్చింది. ఇకమీదట ఒడియా నేర్చుకోవాలని, కటకానికి మారాలని దొరగారికి పైనుంచి కబురొచ్చింది. తెలుగు పంతులికి సెలవు.

దొరసాని నన్ను పిలిచి కంట తడి పెట్టుకుంది. ఆ పూట గోపాలపూర్‌లో సముద్రం జానెడు పెరిగిందని ఇప్పటికీ చెబుతుంటాను. కొలిచినవాళ్లు లేరు గనక కాదనేవాళ్లూ లేరు. చివరికి మూత ఉన్న పేము బుట్టొకటి నా చేతిలో పెట్టింది. లోపల తెల్లటి కుందేళ్లు, ఆడదొకటి, మగదొకటి. వాటికి ఏం పెట్టాలో, ఎలా చూసుకోవాలో ఇంగ్లీషులో అరగంట చెప్పింది. మూడేళ్లూ ఆవిడ నా పాఠానికి ఎలా తల ఊపిందో, ఆ అరగంటా నేను అలాగే తల ఊపాను.

బుట్ట సైకిలు వెనక కట్టుకుని వస్తుంటే, దారిలో ఉన్న కుక్కలన్నీ నన్ను మా గుమ్మందాకా దిగబెట్టి వెళ్లాయి.

మా ఇంట్లో ప్రభుత్వం మా దొడ్డమ్మది. దొడ్డమ్మంటే మా అమ్మకు అక్క. అమ్మ పోయాక నన్ను పెంచింది ఆవిడే. రాష్ట్రాలు మారినా ఆ ప్రభుత్వం మారలేదు. పురుళ్లు పొయ్యడంలో ఆవిడకు పెద్ద పేరు. మా వీధిలో నలభై ఏళ్లలోపు వాళ్లందరూ ఆవిడ చేతుల్లోనే మొదటి ఏడుపు ఏడ్చారు, నాతో సహా. ఆవిడ చేతిమీద పోయిన బాలింత ఒక్కతె కూడా లేదు. జీవితంలో ఆవిడ గర్వంగా చెప్పుకున్నది ఈ ఒక్క సంగతే. ఆవిడ చేసే బాలింత కాయంలో శొంఠి, పిప్పళ్లు, మిరియాలు, వాము, బెల్లం, నెయ్యి, ఇవి కాక ఆవిడకూ దేవుడికీ తప్ప తెలియని పదమూడు వస్తువులు ఉండేవి. ఒక్క ఉండ మింగితే బాలింత మూడోనాడు పిండి విసురుతుందని వీధిలో అనుకునేవారు. నేను చిన్నప్పుడు దొంగతనంగా ఒక ఉండ మింగి, కుళ్లాయి లేకుండా రెండు చలికాలాలు గడిపాను.

అయితే మా ఇంట్లో ఆ కాయానికి పన్నెండేళ్లుగా పని పడలేదు. మా పెళ్లై పన్నెండేళ్లు. దొడ్డమ్మ ఏటా చలికాలంలో కొత్త కాయం చేసి జాడీలో పెట్టేది. ఏడాది తిరిగాక దాన్ని ఎవరింటికో పంపేసేది. ఒక్క మాట అనేది కాదు. మా ఆవిడ ఆ జాడీ వైపు చూసేది కాదు.

అలాంటి ఇంట్లో, రెండు నెలలు తిరక్కుండానే, ఆడకుందేలు పొట్ట కింద బొచ్చు పీక్కుని మూల గూడు కట్టడం మొదలుపెట్టింది. మా ఆవిడ అది చూసి పిచ్చెక్కిందనుకుంది. దొడ్డమ్మ ఒక్క చూపు చూసి, "పక్క గది కడుగు. ఇది ఈ పూటో, రేపో," అంది.

మర్నాటి తెల్లవారేసరికి ఆరు పిల్లలు. తోలు తీసిన చిలగడదుంపల్లా ఉన్నాయి. కళ్లు లేవు, బొచ్చు లేదు, ఆకలి మాత్రం ఉంది. దొడ్డమ్మ గది గుమ్మానికి వేపమండలు కట్టింది, గడప దగ్గర ఇనప ముక్క పెట్టింది, సాంబ్రాణి పొగ వేసింది. పురుడు మనకు కూడా పదకొండు రోజులా, బడికి సెలవు పెట్టాలా అని నేను ఆశగా అడిగాను. "దాని గోత్రం వేరురా. నువ్వు బడికి ఎల్లు," అంది.

ఆ తర్వాత పథ్యం మొదలైంది. బాలింతకు పచ్చి ఆకు పనికిరాదు, వాతం చేస్తుంది, కాబట్టి గడ్డి బందు. చన్నీళ్లు తాగితే పిల్లలకు జలుబు, కాబట్టి నీళ్ల మూకుడు తీసేసి రెండు పూటలా చెంచాడు శొంఠినీళ్లు. పాత బియ్యం అన్నంలో నెయ్యి. పొద్దునా సాయంత్రం రేగుపండంత కాయం ఉండ. బాలింత అటూ ఇటూ తిరిగితే నడుం పట్టుకుంటుంది, కాబట్టి గంప కింద మంచం. ఇక చెవులు. బాలింత చెవిలోకి గాలి పోకూడదు. మనిషి చెవికైతే చిటికెడు దూది చాలు. ఆ చెవులకు దూది పెట్టేసరికి మా ఇంట్లో ఒక తలగడ ఖాళీ అయింది. పైన గుడ్డ కట్టు. దూరం నుంచి చూస్తే మా కుందేలు పంటినొప్పి వచ్చిన జమీందారులా ఉండేది.

అది మాత్రం కాయం ఉండలు ఇష్టంగా తినేసేది. బెల్లం రుచి. దొడ్డమ్మ ముఖంలో పన్నెండేళ్లుగా చూడని వెలుగు చూసి, దొరసాని చెప్పిన దాంట్లో బెల్లం అనే మాట వినబడలేదని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

మూడోనాడు తెల్లవారగట్ల మరో సంగతి బయటపడింది. కుందేలు తల కిందికి వంచి, వెనకనుంచి వస్తున్న దాన్ని వచ్చినట్టే నోటితో అందుకుని నమిలి మింగుతోంది. దొడ్డమ్మ ఆ రోజు రెండుసార్లు స్నానం చేసింది. బాలింత ఇలాంటి పని చేస్తే పాలు విషమైపోవా అంది. అప్పట్నుంచి రోజూ తెల్లవారకముందే మా ఆవిడ తాటాకు విసనకర్ర పట్టుకుని కాపలా. కుందేలు తల వంచితే విసనకర్ర అడ్డం, మళ్లీ వంచితే మళ్లీ అడ్డం. కింద పడినది పడినట్టే ఊడ్చి అవతల పోసేవారు.

అయిదోనాడు పొద్దున్న కుందేలు కాయం ఉండ ముట్టలేదు. అన్నం ముట్టలేదు. వీపు గూనిలా పెట్టుకుని, కళ్లు సగం మూసి, పళ్లు కొరుకుతూ కూర్చుంది. గదిలో కింద ఒక్క పెంటిక లేదు. మా ఆవిడ పిల్లల మీది బొచ్చు తొలగించి చూసింది. ఆరింటి కడుపులూ ముడతలు పడి ఉన్నాయి. తల్లికి పాలు రాలేదు.

దొడ్డమ్మ అజీర్తి అని తేల్చింది. మా ఇంట్లో అజీర్తికి ఒక్కటే మందు, లంఖణం. ఆ పూటకు దానికి శొంఠినీళ్లు కూడా మాన్పించింది. కాని ఈసారి ఆవిడ గొంతులో ఎప్పటి అధికారం లేదు. ఆ మాట చెప్పి అక్కణ్ణుంచి కదలకుండా గుమ్మంలోనే కూర్చుంది. తల్లి పోతే ఆరు పిల్లలూ పోతాయి, అది ఆ గదిలో అందరికీ తెలుసు. ఆవిడ చేతిమీద పోయిన మొదటి బాలింత ఇదే అవుతుంది. అదీ తెలుసు. 

నేను సైకిలెక్కి పశువుల ఆస్పత్రికి పోయాను. అక్కడి కాంపౌండరు మంచివాడు, ఒడియావాడు, జీవితంలో ఎద్దులకు తప్ప మందు పట్టి ఎరగడు. ముందు చీటీ రాయాలన్నాడు. అచ్చు కాగితం మీద మద్రాసు కొట్టేసి చేత్తో ఒరిస్సా అని రాసి ఉంది. పశువు అన్న చోట ఎద్దు, ఆవు, గేదె, గుర్రం ఉన్నాయి, కుందేలు లేదు. చాలాసేపు ఆలోచించి చిన్న గుర్రం అని రాశాడు. తర్వాత నా మోచెయ్యంత సీసా తీసి, ఎద్దుకైతే ఇది మొత్తం, గుర్రానికి సగం, మీదానికి ఎంతో మీరే చూసుకోండన్నాడు. సీసా మూత తీయగానే వచ్చిన వాసనకు గది బయట కట్టేసిన ఎద్దు తాడు తెంపుకుంది. నేను దణ్ణం పెట్టి, సీసా అక్కడే వదిలి వచ్చేశాను.

దారిలో గోపాలపూర్ బంగళా గుర్తొచ్చింది. అక్కడ కుందేళ్ల గూళ్లు కడిగే మనిషి ఒకామె ఉండేది, మన తెలుగు పల్లెకారుల మనిషి. దొరసాని వెళ్లిపోయాక ఆమె మళ్లీ చేపల గంప ఎత్తుకుని బరంపురం పెద్ద బజారుకు వస్తోందని విన్నాను. మా ఇంట్లో నీచు ముట్టం గనక ఆ బజారు గాలి వచ్చే వీధిలోంచి కూడా నేను వెళ్లను. ఆ రోజు సైకిలు నేరుగా చేపల వరసల మధ్యకు తోలాను.

ఆమె నన్ను చూసి చేతిలో కత్తి ఆపింది. "మేస్టారు బాబూ, మీరు సేపల బజారుకి వొచ్చినారేటి? ఇంట్లో అమ్మగోరికి తెలుసా?"

నేను కథంతా గుక్క తిప్పుకోకుండా చెప్పాను. ఆమె నవ్వుదామని నోరు తెరిచి, సగంలో మూసుకుని, ఒక్కటే అడిగింది.

"పెంటికలు ఎప్పుడేసినాది?"

నిన్న మధ్యాహ్నం నుంచి లేవన్నాను. ఆమె గంప పక్కామెకు ఒప్పజెప్పి, చేతులు కడుక్కుని, చెంగు నడుముకు చుట్టి బయల్దేరింది. పల్లెకారు మనిషి నడక చూడనివాళ్లకు చెబితే నమ్మరు. ఆమెతో సమానంగా రావడానికి నా సైకిలు పెద్ద బజారు నుంచి మా ఇంటిదాకా ఆయాసపడింది.

అసలు గండం మా దొడ్డి గుమ్మం దగ్గర ఉందని నాకు తెలుసు. దొడ్డమ్మ మడి కట్టుకున్నాక నీళ్లబిందె కూడా దూరం జరుగుతుంది. ఆ పూట ఆవిడ ఒంటిమీద మడి చీర, అరిటాకు రంగు బరంపురం పట్టు. ఎదురుగా చేపల వాసనతో ఈమె.  మా ఆవిడ వెనకనుంచి తొంగి చూస్తోంది.

దొడ్డమ్మ ఆమెను పైనుంచి కిందిదాకా చూసింది. "ఏమే, దీని సంగతి నీకు తెలుసా?"

"తెల్సమ్మగోరూ. గోపాలపూర్ బంగలాలో దీని అత్తమావలికి ఆరేళ్లు సాకిరీ సేసినాను."

"అయితే లోపలికి రా."

ఆ మూడు మాటలు మా వీధి చరిత్రలో రాయదగ్గవి. ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తున్నాను.

ఆమె లోపలికి వచ్చి ముందు కుందేలు తలకట్టు విప్పింది. చెవుల్లోంచి దూది లాగింది. లాగుతూనే ఉంది, దూది వస్తూనే ఉంది. తర్వాత పొట్టకు చెవి ఆనించి చాలాసేపు విన్నది. "సడి నేదు. కుందేలు కడుపు ఎప్పుడూ గుడగుడలాడతా ఉండాలమ్మా. ఊరుకున్నాదంటే ముప్పే." ఏం పెట్టారని అడిగింది. మా ఆవిడ నేల చూసింది. నేను పైకప్పు చూశాను. దొడ్డమ్మే చెప్పింది, ఒక్కటి దాచకుండా. కాయం దగ్గర గట్టిగా మొదలైన గొంతు, శొంఠినీళ్ల దగ్గరికి వచ్చేసరికి సన్నబడింది. లంఖణం అన్న మాట నాకు సరిగా వినబడలేదు.

"గడ్డి?" అంది ఆమె.

"బాలింతకి గడ్డేటే?"

 ఆమె కుందేలు వీపు నిమురుతూ నెమ్మదిగా చెప్పింది. గడ్డి లోపలికి పోతూ ఉంటేనే దీని కడుపు కదులుతుందట, ఒక పూట ఆగితే పేగు ఆగిపోతుందట. అన్నం, బెల్లం లోపల పులిసి గాలి పుడుతుందట. గూడుకోసం పీక్కున్న బొచ్చు కొంత మింగుతుంది, నీళ్లు లేకపోతే అది ముద్దై అడ్డం పడుతుంది. గంప కింద పడేస్తే ఇక కదలికే లేదు. మా దొడ్డమ్మ బాలింతకు ఏవేవి మంచివని నలభై ఏళ్లుగా నమ్మిందో, ఆ ప్రతి ఒక్కటీ కుందేలుకు సరిగ్గా తిరగబడిందన్నమాట. వెతికి వెతికి కూర్చినా ఇంత పొందిగ్గా కుదరదు. అవతల దొడ్లో మగకుందేలు, పథ్యం లేని అదృష్టవంతుడు, గరిక మేసి పుచ్చకాయలా బలిసి ఉన్నాడు.

మా ఆవిడ అప్పుడు విసనకర్ర సంగతి చెప్పింది.

"అది పెంట కాదమ్మగోరూ," అంది ఆమె. "తెల్లారగట్ల ఇంకో రకం ఏస్తాది, మెత్తగా, నేరేడుపళ్ల గుత్తి నాగ. అది దానికి పెరుగన్నం. రెండోసారి తింటేనే ఒంటికి పడతాది."

పెరుగన్నం అన్న మాట దొడ్డమ్మకు తగిలింది. పసిపాప నోటి దగ్గరి పెరుగన్నం తనే లాగేసినదానిలా కూర్చుంది. మాలో ఎవర్నీ చూడకుండా, "అయితే నేనే దీన్ని చంపుతున్నాను," అంది.

"నేను రెండింటిని సంపేసినానమ్మా, కొత్తల్లో," అంది ఆమె. "ముద్దొచ్చి సేపల పులుసన్నం ఎట్టినాను. దొరసాని మూడ్రోజులు నాతో మాటాడనేదు. మీది బతికే ఉన్నాది కదా. లెగండి, పనుంది."

ఆ తర్వాత మా ఇంట్లో జరిగిన హడావుడికి కొత్త రాష్ట్రం ఏర్పాట్లు ఏ మూలకూ చాలవు. నన్ను గరికకు పంపారు. బరంపురంలో ఏ ఖాళీ స్థలంలో ఎంత గరిక ఉందో ఆ మధ్యాహ్నం నాకు తెలిసినంత కొత్త ప్రభుత్వానికి తెలియదు. నేను తెచ్చిన మోపు చూసి ఆమె, కుందేలుకా ఏనుక్కా అని అడిగింది. మా ఆవిడ గుడ్డ వత్తి ముంచి గోరువెచ్చని నీళ్లు బొట్టు బొట్టుగా కుందేలు నోటి పక్కన పెడుతోంది. ఇక కడుపు రుద్దాలి. చేపల కంపుకు అది బెదురుతుంది, మీరే పట్టండని ఆమె దొడ్డమ్మ ఒళ్లో కుందేలును పెట్టింది. మడి చీర మీదే పెట్టింది.

పచ్చి పిల్లలకు నలుగు పెట్టిన చేతులవి. ఎక్కడ నొక్కాలో, ఎక్కడ నొక్కకూడదో వాటికి ఒకరు చెప్పనక్కర్లేదు. ఆమె ఒక్కసారి చూపించింది, ముందునుంచి వెనక్కి, పూరేకు మీద చెయ్యి వేసినట్టు. దొడ్డమ్మ అందుకుంది. కాసేపు రుద్దడం, కాసేపు కింద దింపి నాలుగు గెంతులు వేయించడం, మళ్లీ ఒళ్లోకి. కింద దింపినప్పుడల్లా అది గెంతకుండా మా ముఖాల్లోకి చూసేది. అప్పుడు అందరం చేతులు తట్టేవాళ్లం. నేను దాని ముందు రెండు గెంతులు గెంతి చూపించాను కూడా. పక్కింటి వాళ్లు గోడమీంచి చూసి, అడగడానికి సిగ్గుపడి దిగిపోయారు.

గంటకోసారి పొట్టకు చెవి ఆనించి వినడం. మొదట ఆమె, తర్వాత దొడ్డమ్మ, తర్వాత మా ఆవిడ. నాలుగోసారికి వంతు నాకొచ్చింది. ముందు ఏమీ లేదు. తర్వాత ఎక్కడో, ఛత్రపూర్ అవతల రైలు కదిలినట్టు, ఒక్క గుడ అన్న చప్పుడు. నేను తల ఎత్తలేదు. ఎత్తితే ఆ రైలు ఆగిపోతుందేమో అనిపించింది. మరోటి వచ్చింది. ఆమె నన్ను పక్కకు తోసి తను విన్నది.

"మాటాడతంది," అంది.

సాయంత్రం ఎండ దొడ్డి గోడ దిగుతుండగా కుందేలు దొడ్డమ్మ ఒళ్లో ఒళ్లు బిగించింది. అరిటాకు రంగు పట్టు మీద ఒక పెంటిక పడింది. కంది గింజ కన్నా చిన్నది. దాని వెనకే బొచ్చు దారానికి గుచ్చినట్టు ఇంకోటి, ఇంకోటి, మొత్తం ఏడు, ఒక దండగా వచ్చాయి. చూసినవి నా కళ్లు కాకపోతే నేనే నమ్మను. నేను మెట్రిక్యులేషను పాసైన రోజు మా ఇంట్లో అంత నిశ్శబ్దం లేదు, అంత సంతోషమూ లేదు.

మా ఆవిడ చీర దులపబోయింది. "కదపకు," అంది దొడ్డమ్మ చిన్నగా. "ఇంకా ఉన్నాయేమో."

ఇంకా ఉన్నాయి. తర్వాతివి విడివిడిగా, కాస్త పెద్దవిగా వచ్చాయి. ఎనిమిదోదో తొమ్మిదోదో పడ్డాక కుందేలు మెడ చాచి, దొడ్డమ్మ చేతిలో ఉన్న గరిక పోచ కొస అందుకుంది. పోచ పెదవుల్లోకి అంగుళం అంగుళంగా పోతోంది. మేం నలుగురం ఆ పోచనే చూస్తున్నాం. అది మొత్తం లోపలికి పోయాక మా ఆవిడ అప్పటిదాకా పట్టుకున్న ఊపిరి వదిలింది. ఆ గాలికి గోడ గూట్లో దీపం రెపరెపలాడిందని నేనంటే ఆవిడ ఒప్పుకోదు, దీపం ఇంకా వెలిగించలేదంటుంది.

తల్లి నీళ్లు తాగింది, రెండో గుప్పెడు గరిక తిన్నది, తనంత తాను గెంతుకుంటూ గూడు దగ్గరికి పోయింది. కుందేలు తల్లి పిల్లల్ని ఒళ్లో పెట్టుకు కూర్చోదు, రోజుకు ఒకసారి, మహా అయితే రెండుసార్లు, అంతేనని ఆమె దొడ్డమ్మకు ముందే చెప్పి ఉంచింది. లేకపోతే దొడ్డమ్మ దానికి పెంపకం నేర్పేది. తల్లి గూటిలోకి దూకి కదలకుండా నిలబడింది. కింద ఆరు చిలగడదుంపలు ఒక్కసారిగా కుతకుతలాడాయి. ఎంతసేపు ఇచ్చిందో, పాలు ఎంత వచ్చాయో మాకు తెలియదు. అది బయటికి వచ్చి మీసాలు తుడుచుకున్నాక మా ఆవిడ గూట్లో చెయ్యి పెట్టి ఒక్కొక్కదాన్నీ తీసి చూసింది. మొదటి నాలుగింటి కడుపులూ ముడతలు పోయి ఉబ్బి ఉన్నాయి. అయిదోదీ అంతే. ఆరోది అన్నిటికన్నా చిన్నది. దాన్ని అరచేతిలో వెల్లకిలా పెట్టి దొడ్డమ్మకు చూపించింది. పల్చటి తోలు కింద పాలు తెల్లగా కనబడుతున్నాయి.

దొడ్డమ్మ చాలాసేపు ఆ తెలుపునే చూసింది. తర్వాత, ఆవిడ నోటివెంట నేను పుట్టాక ఎన్నడూ వినని గొంతుతో, పల్లెకారు మనిషిని అడిగింది. "వీటికి అన్నప్రాశన ఎప్పుడే? ఏం పెట్టాలి?"

"మూడో వారానికి ఆటంతట అయ్యే గడ్డి కొరుకుతాయి పెద్దమ్మగోరూ. మీరేటీ ఎట్టకండి."

"ఏటీ పెట్టొద్దా?"

"ఏటీ ఒద్దు."

 దొడ్డమ్మ చీర మీది పెంటికలు ఒక్కొక్కటీ ఏరి ఆకులో పెట్టుకుంటూ, రేపు గరిక ఏ పూట తేవాలో, తడిది తేవాలో ఎండది తేవాలో ఆమెను అడిగి తెలుసుకోమని నాకు పురమాయించింది.